పరాయి దేశంలో ఉంటూ వారం వారం కళలు, వినోదాల సిఫార్సుల జాబితా ఎలా తయారు చేయాలి?

సొంత దేశానికి దూరంగా ఉంటున్నవారు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటే: "ఈ వారం ఏం చూడాలి, ఏం వినాలి, ఏం చదవాలి అన్న జాబితాను క్రమం తప్పకుండా ఎలా తయారు చేస్తారు? మేం మొదలుపెట్టిన మూడో వారానికే వదిలేస్తున్నాం." ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాసే బదులు పద్ధతి మొత్తాన్ని ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మీ కోసం మీరే రాసుకునే జాబితాకైనా, అదే బెంగతో ఉన్న పదిమంది మిత్రులకు పంపే జాబితాకైనా ఇది పనికివస్తుంది.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. ఇంటి మీద బెంగ పెట్టుకున్న మనిషి మనసుకు తోచినట్టు జాబితా రాసుకుంటూ పోతే, అది అతను దేశం విడిచి వచ్చిన ఏడాది దగ్గరే ఆగిపోతుంది. అప్పటి పాటలు, అప్పటి నటులు, అప్పటి నాటకాలే వారం వారం తిరిగి వస్తుంటాయి. తాను లేకుండానే ఆ దేశం ముందుకు సాగుతోందన్న సంగతి జాబితాలో ఎక్కడా కనిపించదు. కింద చెప్పిన మెట్లలో సగం ఆ ఒక్క పొరపాటును అడ్డుకోవడానికే ఉన్నాయి.

కావలసినవి

- ఒక నోటుపుస్తకం, లేదా ఫోనులో అందుకోసమే కేటాయించిన ఒక పేజీ.
- సొంత దేశపు సమయాన్నీ, ఉంటున్న దేశపు సమయాన్నీ పక్కపక్కన చూపే గడియారం. ఈ సదుపాయం ఇప్పుడు దాదాపు ప్రతి ఫోనులోనూ ఉంటుంది.
- ఉంటున్న ఊరిలోని ప్రజా గ్రంథాలయంలో సభ్యత్వం. చాలామంది దీన్ని పట్టించుకోరు గానీ, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.
- వారంలో చూడటానికి, వినడానికి మూడు నాలుగు గంటలు, రాయడానికి ఒక గంట.
- సొంత దేశంలోనే ఉంటూ నాటకాలకో, కచేరీలకో, సినిమాలకో వెళ్లే అలవాటున్న ఒక మనిషి. ఆ మనిషి మీకంటే పదేళ్లు చిన్నవారైతే ఇంకా మంచిది. మీ వయసువారు మీకు తెలిసినవే చెబుతారు.

1. జాబితా ఎవరి కోసమో ముందు తేల్చుకోండి

మీలాగే అక్కడి నుంచి వచ్చినవారికి ఒక రకం జాబితా కావాలి. ఇక్కడే పుట్టి పెరుగుతున్న పిల్లలకు మరో రకం, మీ భాష రాని ఇక్కడి స్నేహితులకు ఇంకో రకం కావాలి. మొదటివారికి సబ్‌టైటిళ్ల ప్రసక్తే అక్కర్లేదు, మూడోవారికి అవి లేకపోతే మీ సిఫార్సు మొత్తం వృథా. ముగ్గురికీ ఒకే జాబితా పంపాలనుకుంటే ప్రతి అంశం పక్కన అది ఎవరికి సరిపోతుందో ఒక మాటలో రాయండి. "అందరికీ" అన్న మాట మాత్రం రాయకండి.

2. నాలుగు అంశాలకు మించకుండా హద్దు పెట్టుకోండి

చూడటానికి ఒకటి, వినడానికి ఒకటి, చదవడానికి ఒకటి, గడప దాటి వెళ్లడానికి ఒకటి. అంతే. పన్నెండు అంశాలతో మొదలైన జాబితాలే మూడో వారానికి ఆగిపోతాయి. పైగా అన్ని పేర్లు ఒకేసారి అందుకున్నవారు తర్వాత చూద్దామని పక్కన పెట్టి, ఒక్కటీ చూడరు.

ఈ నాలుగింటికీ మూడు నియమాలు పెట్టుకోండి. కనీసం రెండు గత పన్నెండు నెలల్లో వచ్చినవి కావాలి. మీరు దేశం విడిచి రాక ముందటిది ఒకటికి మించకూడదు. గడప దాటి వెళ్లే అంశం తప్పనిసరిగా మీరు ఇప్పుడు ఉంటున్న ఊరిలోనే జరిగేది కావాలి. మొదటి నియమం పాటించడం కష్టంగానే ఉంటుంది. పాత పాటల జాబితా రాయడం సులువు, దాన్ని ఎవరూ తప్పుపట్టరు, కింద నాలుగు మెచ్చుకోలు మాటలు కూడా వస్తాయి. సరిగ్గా అందుకే దాన్ని నమ్మకూడదని నా అభిప్రాయం.

3. వారమంతా కొంచెం కొంచెంగా ఏరుకోండి

రాయడానికి కూర్చున్నాక వెతకడం మొదలుపెడితే ఆ గంట వెతుకులాటకే సరిపోతుంది. కంటపడినప్పుడల్లా పేరు, ఎక్కడ చూశారు, ఎప్పటివరకు దొరుకుతుంది అనే మూడు వివరాలు నోటుపుస్తకంలో వేసుకోండి. ఎక్కడ వెతకాలో చెబుతాను.

రేడియోతో మొదలుపెట్టండి. వీడియో ప్రసారాలకు ఉన్నన్ని హక్కుల చిక్కులు రేడియోకు సాధారణంగా ఉండవు కాబట్టి, చాలా దేశాల ప్రజా ప్రసార సంస్థల రేడియో కార్యక్రమాలు ఇంటర్నెట్‌లో బయటి దేశాలవారికీ వినిపిస్తాయి. నెదర్లాండ్స్‌లో రూపుదిద్దుకుని 2016లో జనంలోకి వచ్చిన రేడియో గార్డెన్ అనే వెబ్‌సైట్‌లో భూగోళాన్ని తిప్పుతూ ఏ ఊరి మీద ఆగితే ఆ ఊరి స్టేషన్లను వినవచ్చు. రాజధాని స్టేషన్ కంటే చిన్న పట్టణపు స్టేషన్‌ను ఎంచుకోండి. పాటల మధ్య వ్యాఖ్యాత చెప్పే ప్రకటనల్లో ఈ శనివారం ఏ నాటకం ఉంది, ఎవరి పుస్తకావిష్కరణ ఉంది, ఏ ప్రదర్శన చివరి వారంలో ఉంది అన్న సంగతులు దొరలుతుంటాయి. పెద్ద పత్రికల్లో అవి కనిపించవు.

తర్వాత మీ ఊరిలోనే ఉన్న సాంస్కృతిక కేంద్రాలను చూడండి. ఫ్రాన్స్‌కు అలయన్స్ ఫ్రాన్సేజ్ (1883లో స్థాపన), బ్రిటన్‌కు బ్రిటిష్ కౌన్సిల్ (1934), భారతదేశానికి భారత సాంస్కృతిక సంబంధాల మండలి (1950), జర్మనీకి గోథె ఇన్‌స్టిట్యూట్ (1951), జపాన్‌కు జపాన్ ఫౌండేషన్ (1972), స్పెయిన్‌కు సెర్వాంటెస్ ఇన్‌స్టిట్యూట్ (1991) ఉన్నాయి. మీ దేశానికి ఇలాంటి సంస్థ లేకపోతే రాయబార కార్యాలయంలోని సాంస్కృతిక విభాగం కార్యక్రమాల వివరాలు తెప్పించుకోండి. విశ్వవిద్యాలయం ఉన్న ఊరైతే అక్కడ మీ భాషనో, మీ ప్రాంతాన్నో బోధించే విభాగం ఏటా కొన్ని సినిమాలు, ఉపన్యాసాలు ఏర్పాటు చేస్తూ ఉండవచ్చు. వాటికి బయటివారిని రానిస్తారేమో అడగండి.

గ్రంథాలయ కార్డు ఇక్కడే అక్కరకొస్తుంది. అనేక దేశాల్లో ఆ కార్డుతోనే లిబీ అనే యాప్ ద్వారా ఈ-పుస్తకాలు, ఆడియో పుస్తకాలు, కనోపీ ద్వారా సినిమాలు తీసుకోవచ్చు. అన్ని గ్రంథాలయాలూ రెండింటినీ ఇవ్వవు కాబట్టి ముందే అడిగి తెలుసుకోండి. మీ భాష పుస్తకం మీ ఊరి గ్రంథాలయంలో లేకపోతే, దగ్గరలో ఏ గ్రంథాలయంలో ఉందో అనేక గ్రంథాలయాల ఉమ్మడి పుస్తక జాబితా అయిన వరల్డ్‌క్యాట్ చూపిస్తుంది. అక్కడి నుంచి తెప్పించి ఇచ్చే ఏర్పాటు చాలా గ్రంథాలయాలకు ఉంటుంది.

ఏమీ దొరకని వారాలు కూడా వస్తాయి. అప్పుడు క్యాలెండర్ చూడండి. ఫిబ్రవరి 13 ప్రపంచ రేడియో దినోత్సవం, మార్చి 27 ప్రపంచ రంగస్థల దినోత్సవం, ఏప్రిల్ 23 ప్రపంచ పుస్తక దినోత్సవం, ఏప్రిల్ 29 అంతర్జాతీయ నృత్య దినోత్సవం, మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం. 1982లో ఫ్రాన్స్‌లో మొదలై ఇప్పుడు అనేక దేశాల నగరాల్లో జరుగుతున్న వీధి సంగీతోత్సవం జూన్ 21న వస్తుంది. ఈ తేదీల చుట్టూ మీ ఊరిలోనూ ఏదో ఒక కార్యక్రమం దొరికే అవకాశం ఎక్కువ.

4. అందరికీ దొరుకుతుందో లేదో సరిచూడండి

జాబితాల పరువు పోయేది ఎక్కువగా ఇక్కడే. సినిమాలు, ధారావాహికల ప్రసార హక్కులను దేశాలవారీగా అమ్ముతారు కాబట్టి, ఒక దేశంలో ఉన్న సినిమా అదే ఓటీటీలో పక్క దేశంలో ఉండకపోవచ్చు. జస్ట్‌వాచ్ వంటి వెతుకులాట సేవలో దేశాన్ని మార్చి చూస్తే ఏది ఎక్కడ ఉందో తెలుస్తుంది. మీ పాఠకులు మూడు దేశాల్లో ఉంటే మూడు దేశాలకూ చూడండి. ఒక్క దేశంలోనే ఉంటే ఆ మాట జాబితాలో రాయండి.

ఐరోపా సమాఖ్యలో 2018 ఏప్రిల్ 1 నుంచి ఒక నిబంధన అమల్లో ఉంది. డబ్బు కట్టి చందాదారులైనవారు సమాఖ్యలోని మరో దేశానికి తాత్కాలికంగా వెళ్లినప్పుడు, తమ దేశంలో చూసేవన్నీ అక్కడా చూడగలగాలి. సెలవులకు వెళ్లినవారికీ, పని మీద కొన్నాళ్లు వెళ్లినవారికీ ఇది వర్తిస్తుంది. పూర్తిగా మకాం మార్చినవారికి వర్తించదు. దీన్ని తప్పుగా అర్థం చేసుకున్నవారు చాలామంది ఉన్నారు.

వీపీఎన్ (మరో దేశం నుంచి చూస్తున్నట్టు కనిపించేలా చేసే సాధనం) పెట్టుకుని చూడండని జాబితాలో రాయకండి. అలా చూడటం చాలా సేవల నిబంధనలకు విరుద్ధం. ఈ రోజు పనిచేసినది రేపు ఆగిపోతుంది, అప్పుడు పాఠకులు మిమ్మల్నే అడుగుతారు. దొంగ ప్రతుల లింకుల సంగతి చెప్పనక్కర్లేదు. దారి లేకపోతే ఆ అంశాన్ని పక్కన పెట్టి, అదే దర్శకుడిదో, అదే గాయనిదో అందుబాటులో ఉన్న మరొకటి వెతకండి.

డిస్కులు కొని పంపించుకునేవారికి మరో చిక్కు ఉంది. డీవీడీల మీద ప్రాంత సంఖ్య ఉంటుంది: అమెరికాది 1, పశ్చిమ ఐరోపాది, జపాన్‌ది 2, భారతదేశానిది 5. బ్లూ-రేలకు ఏ, బీ, సీ అనే మూడు ప్రాంతాలు ఉంటాయి. మీ ప్లేయర్ ప్రాంతం, డిస్కు ప్రాంతం కలవకపోతే బొమ్మ రాదు. 4కే అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రేలకు మాత్రం ఈ ప్రాంతాల గొడవ లేదు.

సబ్‌టైటిళ్లను ఉన్నాయో లేవో అని చూసి వదిలేయకండి. మధ్యలో ఒక సంభాషణ ఉన్న చోట పది నిమిషాలు పెట్టి చదవండి. యంత్రం రాసిన సబ్‌టైటిళ్లయితే సామెతలు, వెటకారాలు, వరుసలు పెట్టి పిలిచే పిలుపులు మొదటే దెబ్బతింటాయి. హాస్య చిత్రాన్ని అలాంటి సబ్‌టైటిళ్లతో ఇక్కడి స్నేహితులకు సిఫార్సు చేస్తే, మీ దేశంలో హాస్యమే లేదని వాళ్లు అనుకునే ప్రమాదం ఉంది.

5. సమయాన్ని రెండుసార్లు లెక్కించండి

ప్రత్యక్ష ప్రసారాల విషయంలో వచ్చే తప్పులన్నీ గడియారం మార్పు దగ్గరే వస్తాయి. అమెరికాలో ఎక్కువ ప్రాంతాల్లో మార్చి రెండో ఆదివారం గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. ఐరోపాలో ఆ పని మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం జరుగుతుంది. ఆస్ట్రేలియాలో ఈ పద్ధతి ఉన్న రాష్ట్రాల్లో అక్టోబరు మొదటి ఆదివారం ముందుకు, ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కి. భారత్, చైనా, జపాన్ గడియారాలను కదిలించవు.

ఇది ఎలా దెబ్బతీస్తుందో చూడండి. వియన్నాలో ఉంటున్న ఒక న్యూయార్క్ వాసికి తమ ఊరిలో రాత్రి 8 గంటలకు మొదలయ్యే కచేరీ ఇక్కడ అర్ధరాత్రి దాటాక 2 గంటలకు వస్తుందని అలవాటుగా తెలుసు. మార్చి మూడో వారంలో మాత్రం న్యూయార్క్ గడియారం అప్పటికే జరిగిపోయి ఉంటుంది, వియన్నాది ఇంకా జరగదు. కచేరీ 1 గంటకే మొదలవుతుంది. అలారం పెట్టుకుని 2 గంటలకు లేచిన మనిషికి రెండో సగమే మిగులుతుంది. మార్చిలో రెండు మూడు వారాలు, అక్టోబరు చివర్లో ఒక వారం ఈ తేడా ఉంటుంది. ఆ వారాల్లో అలవాటును నమ్మకుండా, ఆ తేదీని వేసి సమయాన్ని మార్చి చూపే సాధనంతో మళ్లీ లెక్కించండి.

"శనివారం రాత్రి 12 గంటలకు" అని ఎప్పుడూ రాయకండి. అది శుక్రవారం అర్ధరాత్రో, శనివారం అర్ధరాత్రో ఎవరికీ తెలియదు. "శనివారం గడిచి ఆదివారం తెల్లవారుజామున 12:05" అని రాస్తే గందరగోళం ఉండదు. ప్రత్యక్షంగా చూడటం కోసం వారం మధ్యలో నిద్ర చెడగొట్టుకొమ్మని కూడా చెప్పకండి. మర్నాడు రికార్డు చేసినది దొరుకుతుందంటే ఆ మాటే రాయండి. అర్ధరాత్రి ఒంటరిగా కూర్చుని చూసే ప్రత్యక్ష ప్రసారం బెంగను తగ్గించకపోగా పెంచుతుందని నా అనుభవం.

6. ప్రతి అంశానికీ నాలుగు సంగతులు రాయండి

అదేమిటి, ఎప్పుడు ఎక్కడ దొరుకుతుంది, ఎంతసేపు పడుతుంది, ఎందుకు చూడాలి. ఈ వరుసలోనే రాయండి. ఉదాహరణకు ఆస్ట్రియా నుంచి వచ్చి న్యూయార్క్‌లో ఉంటున్నవారి జాబితాలో ఒక అంశం ఇలా ఉండవచ్చు:

"చూడటానికి: వియన్నా ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందపు నూతన సంవత్సర కచేరీ. జనవరి 1న వియన్నా సమయం ఉదయం 11:15కు మొదలవుతుంది, మనకు తెల్లవారుజామున 5:15. అంత పొద్దున్నే లేవలేనివారు తర్వాత అమెరికా ప్రజా టీవీ పీబీఎస్‌లో వచ్చే ప్రసారం చూడవచ్చు. విరామంతో కలిపి సుమారు రెండున్నర గంటలు. భాష రానివారికీ ఇబ్బంది లేదు. మొదటి సగంలో కునుకు పట్టినా ఫరవాలేదు గానీ, చివర్లో కండక్టర్ వాద్యబృందాన్ని దాని మానాన వదిలేసి, శ్రోతల వైపు తిరిగి వాళ్ల చప్పట్లను చేతితో హెచ్చిస్తూ, తగ్గిస్తూ నడిపించే చోట మేలుకుని ఉండండి."

ఇదే అంశాన్ని "అద్భుతమైన కచేరీ, మన సంస్కృతికి నిలువుటద్దం, ప్రతి ఒక్కరూ తప్పక చూడండి" అని రాస్తే చదివినవారికి ఏమీ తెలియదు. ఎందుకు చూడాలన్న చోట మీరు స్వయంగా గమనించిన ఒక్క వివరం ఉండాలి. అలాంటి వివరం గుర్తుకు రాకపోతే మీరు దాన్ని సరిగా చూడలేదని అర్థం. మళ్లీ చూడండి, లేదా "ఇంకా చూడలేదు, ఫలానా కారణం చేత చూడాలనుకుంటున్నాను" అని నిజాయితీగా రాయండి. కథ మలుపు తిరిగే చోటును బయటపెట్టకండి.

7. ఒకే రోజు, ఒకే వేళకు పంపండి

గురువారం సాయంత్రం మంచిది, వారాంతానికి ఏర్పాటు చేసుకునే వ్యవధి ఉంటుంది. ఆదివారం రాత్రి పంపిన జాబితాను సోమవారం పని మింగేస్తుంది. వాట్సాప్ గ్రూపులో పెడితే మిగతా కబుర్ల కింద మునిగిపోతుంది కాబట్టి ఈ-మెయిల్ మేలు. గ్రూపే కావాలంటే అందులో సందేశాన్ని పైన పిన్ చేయండి.

తరచుగా జరిగే పొరపాట్లు

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఫిర్యాదు. "ఇక్కడ ఇలాంటివి ఎక్కడ దొరుకుతాయి" అన్న వాక్యం మొదటి వారం సానుభూతి తెస్తుంది, అయిదో వారానికి విసుగు తెస్తుంది. ఇక్కడే పెరుగుతున్న పిల్లలకైతే మొదటి వారమే చిరాకు తెస్తుంది. గడప దాటి వెళ్లే అంశాన్ని ఈ ఊరికే పరిమితం చేయమన్నది ఇందుకే. ఆ అంశం మీ దేశానికి సంబంధించినదే కానక్కర్లేదు.

రెండోది, ఒక్క కళనే పట్టుకుని ఉండిపోవడం. సినిమా తెలిసినవారు నాలుగు చోట్లా సినిమానే దూరుస్తారు: చూడటానికి సినిమా, వినడానికి సినిమా పాట, చదవడానికి సినిమా సమీక్ష. చదవడానికి అన్న చోట నెలకు ఒక్కసారైనా ఒక కథో, వ్యాసమో ఉండేలా చూసుకోండి.

చచ్చిపోయిన లింకులు మూడోది. పాత పేజీ కనిపించకుండా పోతే, 1996లో మొదలైన ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో దాని పాత రూపం దొరకవచ్చు. వ్యాసాలకు ఇది బాగా పనికివస్తుంది, వీడియోలకు అంతగా పనికిరాదు.

ఫలితాన్ని ఎలా సరిచూసుకోవాలి?

పంపే ముందు ప్రతి లింకునూ మీ ఖాతా నుంచి బయటికి వచ్చి, బ్రౌజర్‌లోని ప్రైవేట్ విండోలో తెరిచి చూడండి. మీకు తెరుచుకున్నంత మాత్రాన అందరికీ తెరుచుకున్నట్టు కాదు.

నాలుగు వారాలకు ఒకసారి పాఠకులను "జాబితా బాగుందా?" అని అడగకండి, అందరూ బాగుందనే అంటారు. "వీటిలో ఏది పూర్తిగా చూశారు, ఏది మధ్యలో ఆపేశారు?" అని అడిగి, జవాబులను అంశం పక్కనే రాసుకోండి. ఎవరూ ముట్టుకోని అంశాల్లో ఎక్కువభాగం రెండు గంటలకు మించినవైతే నిడివి తగ్గించండి. మధ్యలో ఆపేసినవి ఎక్కువైతే సబ్‌టైటిళ్లను అనుమానించండి. గడప దాటి వెళ్లే అంశానికి ఎవరూ వెళ్లకపోతే వచ్చేసారి సిఫార్సుతో పాటు "నేను శనివారం నాలుగింటికి వెళ్తున్నాను, గేటు దగ్గర ఉంటాను" అని రాయండి; ఈ ఒక్క వాక్యం మిగతా వర్ణన అంతటికంటే బాగా పనిచేస్తుంది.

వారం వారం కుదరకపోతే పక్షానికొకసారి పంపండి. అంశాల సంఖ్య మాత్రం నాలుగే ఉంచండి.

అసలు పరీక్ష సొంత దేశానికి వెళ్లినప్పుడు చేయాలి. గత ఆరు నెలల జాబితాలను అక్కడ ఇరవైల్లో ఉన్న ఒకరికి చూపించి, తమకు తెలియనివాటినీ, పాతబడిపోయాయని అనుకున్నవాటినీ పెన్సిల్‌తో కొట్టేయమనండి. కొట్టేసిన ప్రతి పేరు పక్కన దానికి బదులుగా వాళ్లు ఏం చెబుతారో అడిగి రాసుకోండి. తిరిగి వచ్చాక మొదటి నాలుగు వారాలకు ఆ పేర్లనే ముందుగా పరిశీలించండి, మీకు నచ్చనివాటితో సహా.